రెండోసారి మొదలుపెట్టనివ్వనిది ఏది?

నేను పోస్ట్‌డాక్‌గా పనిచేస్తున్న ప్రశ్నను ఒక్క వాక్యంలో ఇలా చెప్పవచ్చు: విభజనకు సిద్ధమవుతున్న కణం తన క్రోమోజోములన్నిటినీ ఒకసారి నకలు తీసుకున్న తర్వాత, ఆ విభజన పూర్తయ్యేదాకా వాటిలో ఏ ముక్కనూ రెండోసారి నకలు తీయకుండా దాన్ని ఆపుతున్నది ఏమిటి? నకలు ఎలా మొదలవుతుందన్నది చాలామందికి ఆసక్తి కలిగించే ప్రశ్న. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు వేసేది కూడా దానికే. మళ్ళీ ఎందుకు మొదలవదన్నది మాత్రం, జరగని సంగతి గురించిన ప్రశ్న కాబట్టి, వినగానే అంతగా ఆకట్టుకోదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరైనా అడిగితే "డీఎన్‌ఏ మీద పని" అని చెప్పి ఊరుకునే నేను ఇక్కడ మాత్రం తీరిగ్గా చెప్పాలనుకుంటున్నాను.

పని ఎంత పెద్దదో ముందు అంకెల్లో చూద్దాం. నేను వాడే జీవి, రొట్టెలు పొంగడానికి పిండిలో కలిపే ఈస్టే. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరవిసియే. ఒక్కో కణంలో 16 క్రోమోజోములు, వాటిలో మొత్తం సుమారు 1.2 కోట్ల అక్షరాల డీఎన్‌ఏ ఉంటుంది. డీఎన్‌ఏ రెండు పోగులు విడివడి, దేనికి దానికి కొత్త జత పోగు తయారవుతూ ముందుకు సాగే చోటును మేము ఫోర్క్ అంటాం. ఈస్టులో ఫోర్క్ నిమిషానికి సుమారు 2,000 అక్షరాల వేగంతో కదులుతుంది. నాలుగో క్రోమోజోము పొడవు సుమారు 15 లక్షల అక్షరాలు కాబట్టి, దాని నడిమధ్యన ఒక్కచోట పని మొదలై రెండు ఫోర్కులు చెరో వైపుకు బయలుదేరాయనుకున్నా, చివరలకు చేరేసరికి 6 గంటలు దాటిపోతుంది. మంచి ఆహారం ఇచ్చి 30 డిగ్రీల వద్ద పెంచితే ఈస్ట్ సుమారు గంటన్నరకొకసారి రెట్టింపవుతుంది; అందులో డీఎన్‌ఏను నకలు తీసే ఎస్ దశకు దక్కేది అరగంట మాత్రమే. మన ఒకటో క్రోమోజోముకు ఇదే లెక్క కడితే సంగతి ఇంకా తేటపడుతుంది. దాని పొడవు దాదాపు 25 కోట్ల అక్షరాలు. ఒకే చోట మొదలుపెడితే 40 రోజులకు పైగా పట్టవలసిన పని, మన కణాల్లో సుమారు 8 గంటల ఎస్ దశలో పూర్తయిపోతుంది.

అందువల్ల పని అనేక చోట్ల మొదలవక తప్పదు. ఆ చోట్లను ఆరిజిన్లు అంటాం. ఈస్టులో అవి సుమారు 400. మనిషి కణంలో ఒక్కో ఎస్ దశలో 30,000 నుంచి 50,000 దాకా పనిచేస్తాయని అంచనా. అన్నీ ఒకేసారి తెరుచుకోవు. కొన్ని ఎస్ దశ మొదట్లోనే తెరుచుకుంటాయి, కొన్ని ఆఖర్లో, మరికొన్ని పక్కనుంచి వచ్చిన ఫోర్క్ తమ మీదుగా వెళ్ళిపోవడంతో అసలు తెరుచుకోకుండానే నకలైపోతాయి. అంటే ఎస్ దశ మధ్యలో ఏ క్షణాన చూసినా, ఒకే కేంద్రకంలో, అవే ప్రోటీన్ల మధ్య, నకలైన ఆరిజిన్లూ ఇంకా కాని ఆరిజిన్లూ పక్కపక్కనే ఉంటాయి. వాటి అక్షరక్రమంలో తేడా ఏమీ ఉండదు. ఏది అయిందో ఏది కాలేదో రాసిపెట్టుకునే చిట్టా ఏదీ కణం దగ్గర లేదు. అయినా అది తడబడదు.

ఎంత కచ్చితంగా తడబడకుండా ఉండాలన్నది ఈ విషయంలోకెల్లా నాకు ముఖ్యంగా తోచే సంగతి. ఒక్కో ఆరిజిన్ రెండోసారి తెరుచుకునే అవకాశం వెయ్యికి ఒకటి అనుకుందాం. వెయ్యికి ఒకటంటే చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ 400 ఆరిజిన్లు ఉన్నచోట ఆ లెక్కన ప్రతి తరంలోనూ మూడింట ఒక వంతు కణాల్లో కనీసం ఒక చోటైనా పని రెండోసారి మొదలవుతుంది. మనిషి కణంలోనైతే ప్రతి విభజనకూ ముప్పై నలభై చోట్ల మొదలవుతుంది. అలా మొదలైన ప్రతిచోటా క్రోమోజోములో పోగులు విడివడి ఏర్పడిన ఒక బుడగ మీద మరో బుడగ లేస్తుంది, వెనకనుంచి వచ్చిన ఫోర్కులు ఆగిపోతాయి, పోగులు తెగుతాయి, తెగినచోట అతుకులు పడతాయి. కాబట్టి వెయ్యికి ఒకటి సరిపోదు. లక్షకు ఒకటి అన్నా ఈస్టుకు పర్వాలేదు కానీ మనకు చాలదు. అంత కచ్చితత్వాన్ని ఏదో ఒక్క ప్రోటీన్ ఇస్తుందని ఆశించడం కష్టం. ఈ రంగంలో దశాబ్దాలుగా తేలిన విషయాలన్నీ చివరికి ఈ లెక్క దగ్గరికే వచ్చి చేరుతున్నాయని నా అభిప్రాయం.

బాక్టీరియాల సంగతి వేరు. ఈ-కోలైకి ఒకే వలయాకారపు క్రోమోజోము, 46 లక్షల అక్షరాలు, ఒకే ఒక ఆరిజిన్. దాని ఫోర్క్ సెకనుకు 1,000 అక్షరాల వేగంతో పరుగెడుతుంది కాబట్టి సుమారు 40 నిమిషాల్లో పని ముగుస్తుంది. 20 నిమిషాలకొకసారి విడిపోయే పరిస్థితిలో అది ఒక విడత ముగియకముందే తర్వాతి విడత మొదలుపెడుతుంది, అయినా విడతకూ విడతకూ మధ్య దూరం మాత్రం తప్పదు. అప్పుడే నకలైన ఆరిజిన్‌లో పాత పోగుకు మిథైల్ అనే రసాయన గుర్తులు ఉంటాయి, కొత్త పోగుకు ఇంకా పడవు. ఆ సగం గుర్తుల డీఎన్‌ఏను సెక్‌ఏ అనే ప్రోటీన్ పట్టుకుని కొంతకాలం మూసి ఉంచుతుంది. ఒక్క ఆరిజిన్‌ను కాపలా కాయడానికి ఇది చక్కటి పద్ధతి. వందల, వేల ఆరిజిన్లు ఉన్న మనలాంటి కేంద్రక జీవులు వేరే దారి పట్టాయి.

ఆ దారి ఎటు వెళ్తుందో మొదట చూపిన ప్రయోగాల్లో ఒకటి, 1970లో నేచర్ పత్రికలో పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ అనే ఇద్దరు ప్రచురించినది. ఆ మొదటి పేరు తెలుగువాళ్ళకు పరిచయం చేయనక్కరలేని తరహా పేరు. కణచక్రం చదువుకునే తెలుగు విద్యార్థులకు ఆయన పని గురించి విడిగా ఒక పాఠం ఉండాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న ఆ ఇద్దరూ ప్రయోగశాలల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలైన హీలా కణాలను తీసుకుని, కణచక్రంలో వేర్వేరు దశల్లో ఉన్నవాటిని వేరుచేసి, అతినీలలోహిత కిరణాలతో చంపిన సెండాయ్ వైరస్ సాయంతో జతలు జతలుగా కలిపేశారు. అప్పుడు ఒకే కణద్రవ్యంలో రెండు కేంద్రకాలు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో దశ నుంచి వచ్చినది. డీఎన్‌ఏ తయారీలో చేరిపోయే రేడియోధార్మిక థైమిడిన్ ఇచ్చి, ఏ కేంద్రకం ఎప్పుడు డీఎన్‌ఏ తయారు చేస్తోందో ఫిల్ము మీద పడిన చుక్కలతో లెక్కపెట్టారు.

నకలు తీస్తున్న ఎస్ దశ కణాన్ని, ఇంకా మొదలుపెట్టని జి1 కణంతో కలిపితే, జి1 కేంద్రకం తన సమయం రాకముందే నకలు తీయడం మొదలుపెట్టింది. అంటే ఎస్ దశ కణద్రవ్యంలో పనిని పురికొల్పేది ఏదో ఉంది. అదే ఎస్ దశ కణాన్ని, నకలు ముగించేసిన జి2 కణంతో కలిపినప్పుడు మాత్రం జి2 కేంద్రకం కదలలేదు. పురికొల్పే పదార్థం చుట్టూ ఉంది, పక్క కేంద్రకం దాన్ని వాడుకుంటూనే ఉంది, అయినా దీనికి పట్టలేదు. పోనీ జి2 కణంలో పనిని ఆపే విషం లాంటిది ఏదైనా ఉందా అంటే, జి1తో జి2ను కలిపినప్పుడు జి1 కేంద్రకం తన వేళకు తాను ఎస్ దశలోకి వెళ్ళింది. దాన్ని ఏదీ ఆపలేదు. ఈ మూడు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా కణద్రవ్యంలో లేదని, కేంద్రకంలోనే, బహుశా క్రోమోజోముల మీదే ఉందని తేలుతుంది. జి1 కేంద్రకం దగ్గర ఉన్నదేదో జి2 కేంద్రకం దగ్గర లేదు. ఒక్క ప్రోటీన్ పేరు కూడా తెలియని కాలంలో, కణాలను కలిపి, చుక్కలు లెక్కపెట్టి ఇంత దూరం వెళ్ళగలిగారన్నది ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

1988లో జూలియన్ బ్లో, రాన్ లాస్కీ కప్ప గుడ్ల నుంచి తీసిన ద్రవంలో ఈ సంగతిని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళారు. ఆ ద్రవంలో ఒకసారి నకలైన కేంద్రకాలు మళ్ళీ నకలు కావు. కానీ కేంద్రకపు పొరకు చిల్లులు పొడిస్తే మళ్ళీ అవుతాయి. దాని మీద ఆధారపడి వారు లైసెన్స్ అనే ఆలోచనను ప్రతిపాదించారు. క్రోమోజోముకు ఒక లైసెన్స్ కావాలి, అది ఒకసారి వాడితే చెల్లిపోతుంది, కణవిభజనలో కేంద్రకపు పొర కరిగిపోయినప్పుడే కొత్తది లోపలికి వస్తుంది. ఈస్టులో కేంద్రకపు పొర విభజన సమయంలో కూడా కరగదు కాబట్టి పొర గురించిన భాగం అన్ని జీవులకూ వర్తించలేదు. లైసెన్స్ అన్న ఆలోచన మాత్రం నిలిచింది, పేరు కూడా అలాగే ఉండిపోయింది.

ఆ లైసెన్స్ పదార్థరూపంలో ఏమిటన్నది ఈస్టులోనే తేలింది. 1984లో కార్నెల్‌లో బిక్ టై ప్రయోగశాల, చిన్న కృత్రిమ క్రోమోజోములను నిలుపుకోలేక పోగొట్టుకునే ఈస్ట్ రకాలను ఏరి, వాటిలో చెడిన జన్యువులకు ఎంసీఎం అని పేరు పెట్టింది. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో ప్రతిమా సిన్హా ఒకరు. ఆమె తర్వాత కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈస్ట్ క్రోమోజోముల మీద పని కొనసాగించారు. 1992లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో స్టీఫెన్ బెల్, బ్రూస్ స్టిల్‌మన్ ఆరిజిన్‌ను గుర్తుపట్టి దాని మీద కూర్చునే ఆరు ప్రోటీన్ల గుంపును పట్టుకున్నారు; దాని పేరు ఓఆర్‌సీ. ఇప్పుడు మనకు తెలిసిన క్రమం ఇది: ఆరిజిన్ మీద ఓఆర్‌సీ కూర్చుంటుంది, దానికి సీడీసీ6 తోడవుతుంది, ఆ రెండూ కలిసి, సీడీటీ1 వెంటబెట్టుకుని వచ్చిన ఎంసీఎం వలయాలను డీఎన్‌ఏ చుట్టూ తొడుగుతాయి. ఆరు ఉపభాగాల వలయాలు రెండు, ఎదురెదురుగా, డీఎన్‌ఏను నడుమ పెట్టుకుని నిలుస్తాయి. ఇదే లైసెన్స్. ఈ దశలో ఆ వలయాలు ఏ పనీ చేయవు.

ఎస్ దశ వచ్చాక సీడీసీ45, జిన్స్ అనే మరో రెండు భాగాలు వచ్చి చేరినప్పుడే వలయాలకు ప్రాణం వస్తుంది. అప్పుడు అవి విడిపోయి, చెరో పోగునూ పట్టుకుని, డీఎన్‌ఏను విప్పుకుంటూ చెరో వైపుకు వెళ్ళిపోతాయి. ఇక్కడే చిట్టా లేకుండా లెక్క తప్పకపోవడంలోని కిటుకు ఉంది. పని మొదలుపెట్టిన వలయం ఆరిజిన్‌ను వదిలి వెళ్ళిపోతుంది కాబట్టి, మొదలవడమే లైసెన్స్ చెల్లిపోవడం. తెరుచుకోకుండా పక్క ఫోర్క్ చేత నకలైన ఆరిజిన్ మీది వలయాలు కూడా ఆ ఫోర్క్ దాటేటప్పుడు ఊడిపోతాయి. నకలైన డీఎన్‌ఏ మీద వలయాలు ఉండవు, నకలు కాని డీఎన్‌ఏ మీద ఉంటాయి. కాబట్టి ఎస్ దశలో కొత్త వలయాలు తొడగకుండా చూసుకుంటే చాలు.

రేషన్ డిపోలో టోకెన్లు ఇచ్చే కిటికీ మూసేశాకే సరుకులిచ్చే కిటికీ తెరిస్తే, ఏ కార్డుదారుడు వచ్చాడో ఎవరు రాలేదో విడిగా రాసుకోవలసిన పని ఉండదు. ఎవరి చేతిలో టోకెన్ ఉంటే వారికి సరుకులు, తీసుకున్నవారి చేతిలో టోకెన్ ఉండదు. కణం చేసేది కూడా అంతే. కిటికీలు రెండిటినీ మూసి తెరిచేది ఒకే ఎంజైమ్, సీడీకే. ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు అతికించడం దాని పని. జి1లో దాని బలం తక్కువ, అప్పుడు వలయాలు తొడగవచ్చు. ఎస్ దశ ముంగిట దాని బలం పెరుగుతుంది, విభజన ముగిసేదాకా తగ్గదు. బలం పెరిగిన సీడీకే ఒకవైపు ఎస్‌ఎల్‌డీ2, ఎస్‌ఎల్‌డీ3 అనే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించి, డీడీకే అనే మరో ఎంజైమ్‌తో కలిసి, తొడిగి ఉన్న వలయాలను మేలుకొలుపుతుంది. మరోవైపు కొత్త వలయాలు తొడగడాన్ని అడ్డుకుంటుంది. పనిని మొదలుపెట్టించేదే మళ్ళీ మొదలవకుండా ఆపేది కూడా. 2015లో లండన్‌లోని జాన్ డిఫ్లీ బృందం, శుద్ధి చేసిన 16 కారకాలను, అంటే 42 రకాల ప్రోటీన్ గొలుసులను పరీక్షనాళికలో కలిపి ఈ మొత్తం వ్యవహారాన్ని కణం లేకుండానే నడిపించింది. అక్కడ కూడా క్రమం ముఖ్యం: వలయాలు తొడిగాకే సీడీకేను కలపాలి, ముందే దాన్ని తగలనిస్తే ఓఆర్‌సీ వలయాలు తొడగలేదు.

సీడీకే అడ్డుకునే పద్ధతి ఒకటి కాదు. ఓఆర్‌సీకి ఫాస్ఫేటు అతికించి దాన్ని పనికిరాకుండా చేస్తుంది, సీడీసీ6ను ముక్కలు కావడానికి పంపుతుంది, ఎంసీఎం ప్రోటీన్లను సీడీటీ1తో సహా కేంద్రకం బయటికి వెళ్ళగొడుతుంది. 2001లో సాన్ ఫ్రాన్సిస్కోలో జోకిమ్ లీ బృందం ఈ మూడిటినీ ఒకేసారి పాడుచేసినప్పుడు గానీ, నకలు ముగించిన ఈస్ట్ కణాలు విభజన కాకుండానే మళ్ళీ నకలు తీయడం, ఒక్కో కణంలోని డీఎన్‌ఏను కొలిచే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో స్పష్టంగా కనిపించలేదు. అప్పుడైనా డీఎన్‌ఏ మొత్తం రెట్టింపు కాలేదు, కొన్ని ఆరిజిన్లే తెరుచుకున్నాయి. ఒక్కొక్క అడ్డును విడిగా తీసేసినవారికి ఏమీ కనబడకపోవడంతో ఆ అడ్డు అంత ముఖ్యం కాదేమోనన్న అనుమానం కలిగే వీలుంది. నా దృష్టిలో అది ప్రశ్నను తప్పుగా వేయడం. ఏది ముఖ్యమైన అడ్డు అని అడిగితే జవాబు రాదు. ఒక్కో అడ్డు అవకాశాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తోందని అడగాలి. పదో వంతుకు తగ్గించేది ఒకటి, వందో వంతుకు తగ్గించేది ఇంకొకటి, అలా గుణించుకుంటూ పోతేనే ముందు చెప్పిన లక్షకు ఒకటి, కోటికి ఒకటి అన్న స్థాయికి చేరగలం.

ప్రయోగం చేసే తీరు కొంచెం చెబుతాను. గ్లూకోజ్ ఉంటే మేము వాడే జన్యు మీట పనిచేయదు కాబట్టి ఈస్టును రాఫినోజ్ అనే చక్కెర మీద పెంచుతాం. అందులో అది కొంచెం మందకొడిగా పెరుగుతుంది. దానికి ఆల్ఫా ఫ్యాక్టర్ అనే, 13 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ కలుపుతాం. వ్యతిరేక లింగపు ఈస్ట్ విడుదల చేసే సంకేతమే అది. దాన్ని గ్రహించిన కణాలు జతకోసం విభజన ఆపుకుని, జి1లోనే నిలబడి, ఒకవైపుకు మొన తేలి సాగుతాయి. మైక్రోస్కోపులో చూస్తే మొగ్గ వేసిన కణాలు దాదాపు కనబడకూడదు. కనబడితే ఇంకొంతసేపు ఆగాలి. ఆ తర్వాత పెప్టైడును కడిగేసి, విభజనను ఆపే నోకోడజోల్ అనే రసాయనం కలిపిన ద్రవంలోకి మారుస్తాం. కణాలు ఒకసారి నకలు తీసుకుని, పెద్ద మొగ్గతో, విభజన అంచున ఆగిపోతాయి. సీడీకే బలంగా ఉండే స్థితి అదే. అప్పుడు గాలక్టోజ్ వేస్తే, మేము పెట్టిన మీట తెరుచుకుని, సులువుగా ముక్కలు కాని సీడీసీ6 తయారవడం మొదలవుతుంది. ఇక అరగంటకొకసారి కొంచెం తీసి 70 శాతం ఆల్కహాల్‌లో పడేయడమే. మరునాడు ఆర్‌ఎన్‌ఏను జీర్ణం చేసి, ప్రోటీన్లను జీర్ణం చేసి, డీఎన్‌ఏకు అంటుకునే పచ్చటి రంగు వేసి, ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణంలో ఎంత డీఎన్‌ఏ ఉందో కొలుస్తాం.

తెర మీద వచ్చే చిత్రం సాదాసీదాగా ఉంటుంది. నకలు తీయకముందు కణాలన్నీ 1సీ, అంటే ఒక వంతు డీఎన్‌ఏ, దగ్గర ఒక గుట్ట, తీశాక 2సీ, అంటే దానికి రెట్టింపు, దగ్గర ఒక గుట్ట. ఆ రెండో గుట్ట కుడి అంచు 2సీ దాటి జరిగితే రెండోసారి నకలు జరుగుతున్నట్టు. కానీ ఆ అంచు జరగడానికి కణంలోని డీఎన్‌ఏలో గణనీయమైన భాగం పెరగాలి. ఒక్కచోట, ఒక్క ఆరిజిన్ చుట్టూ పెరిగిన కొద్దిపాటి డీఎన్‌ఏ ఆ గుట్టలో కలిసిపోతుంది. ఫ్లో సైటోమీటర్‌లో ఏమీ కనబడలేదంటే ఏమీ జరగలేదని అర్థం కాదు. ఈ ఒక్క విషయాన్ని సెమినార్లలో ఎంత చెప్పినా ఎవరో ఒకరు మళ్ళీ అడుగుతారు, అడగడం న్యాయమే కూడా. పక్క బెంచీవాళ్ళు ఫోర్కులను ఆపడానికి హైడ్రాక్సీయూరియా వాడతారు. అది డీఎన్‌ఏ అక్షరాల తయారీని తగ్గిస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారికి ఇచ్చే మందు అదే. దాని సీసా చూసినప్పుడల్లా, ఈ రసాయనం పేరు మా ప్రయోగశాల బయట కూడా తెలిసినవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారని గుర్తొస్తుంది.

ఫ్లో సైటోమీటర్ కంటే సున్నితమైన కొలత లీ బృందమే చూపించింది. ఈస్టులో ఒక రంగు జన్యువును బలహీనమైన రూపంలో ఒక ఆరిజిన్ పక్కన పెడితే, ఆ జన్యువు ఒకే ప్రతిగా ఉన్న కాలనీ, అంటే ఒక్క కణం నుంచి పెరిగిన కణాల గుంపు, గులాబీ రంగులో, రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రతులు ఉన్నది ఎర్రగా కనబడుతుంది. ఆ ఆరిజిన్ దగ్గర రెండోసారి నకలు జరిగి, ఆ ముక్క క్రోమోజోములో అలాగే స్థిరపడిపోతే, పళ్ళెంలోని గులాబీ కాలనీల మధ్య ఎర్రటివి లేస్తాయి. ఫ్లో సైటోమీటర్ పట్టుకోలేని స్థాయిలో జరిగినా సరే, లక్షల కణాలను పరచి చూడవచ్చు కాబట్టి ఇవి దొరుకుతాయి. 2010లో ఈ పద్ధతితోనే వారు, కొద్దికాలం అదుపు తప్పిన రెండో నకలు కూడా జన్యువుల సంఖ్య పెరగడానికి బలమైన కారణం కాగలదని చూపారు. క్యాన్సర్ కణుతుల్లో కొన్ని జన్యువులు పదులకొద్దీ ప్రతులుగా కనిపిస్తాయన్న సంగతి తెలిసినవారికి దీని ప్రాధాన్యం వెంటనే తడుతుంది. అయితే ఈస్టులో జరగగలదని చూపడం వేరు, ఫలానా కణుతిలో అలాగే జరిగిందని చెప్పడం వేరు. ఈ రెండిటినీ కలిపేసే రాతలు నాకు నచ్చవు.

నా సొంత ప్రశ్న కిటికీలు మారే ఆ కొద్ది నిమిషాల గురించినది. సీడీకే బలం దీపపు మీట నొక్కినట్టు ఒక్కసారిగా పెరగదు, కొంత వ్యవధిలో పెరుగుతుంది. ఆ వ్యవధిలో వలయాలు తొడగడం పూర్తిగా ఆగకముందే మేలుకొలపడం మొదలైతే, ఒక ఆరిజిన్ తెరుచుకుని, వలయాలు వెళ్ళిపోయి, ఖాళీ అయిన చోట కొత్త వలయాలు చేరే వీలు ఉంటుంది. అలాగే విభజన చివర సీడీకే తగ్గుతున్నప్పుడు కూడా. 2016లో జర్మనీలో బోరిస్ ఫాండర్ బృందం, విభజన సమయంలో ఎస్‌ఎల్‌డీ2 ముక్కలైపోవడం వల్ల మేలుకొలిపే కాలానికీ తొడిగే కాలానికీ మధ్య ఒక విరామం ఏర్పడుతుందని, ఆ విరామాన్ని చెరిపేస్తే కణాల్లో రెండో నకలు కనిపిస్తుందని చూపింది. విరామం ఉందన్న సంగతి దానితో స్థిరపడింది. ఆ విరామం ఎంత కుదిస్తే ఎర్ర కాలనీలు ఎంత పెరుగుతాయి, అన్ని ఆరిజిన్లకూ ఒకేలా పెరుగుతాయా, లేక ఎస్ దశ మొదట్లోనే తెరుచుకునేవాటికి ప్రమాదం ఎక్కువా అన్నది నేను కొలవాలనుకుంటున్నది. మొదట్లో తెరుచుకునేవే ఎక్కువగా చిక్కుకోవాలని నా ఊహ, ఎందుకంటే అంచున నిలబడేవి అవే.

మనుషుల్లోకి వస్తే కాపలా పద్ధతులు కొన్ని మారతాయి. అక్కడ అసలు బరువంతా సీడీటీ1 మీద ఉంటుంది. 1998లో మార్క్ కిర్ష్‌నర్ ప్రయోగశాలలో కప్ప గుడ్ల నుంచి దొరికిన జెమినిన్ అనే ప్రోటీన్, ఎస్ దశ నుంచి సీడీటీ1ను పట్టుకుని కదలనివ్వదు. విభజన చివర తానే ముక్కలైపోయి దాన్ని వదిలేస్తుంది. కొన్ని రకాల మనిషి కణాల్లో ఒక్క జెమినిన్‌ను తీసేస్తేనే రెండో నకలు మొదలవుతుంది. ఈస్టులో మూడు అడ్డులు కూలగొట్టి గానీ సాధించలేనిది అక్కడ ఒక్కదానితో అవుతోందన్నమాట. క్యాన్సర్ మందుగా పరీక్షించిన పెవోనెడిస్టాట్ సీడీటీ1ను ముక్కలు కానివ్వకుండా చేసి, క్యాన్సర్ కణాలను అదుపులేని నకలులోకి నెట్టి చంపగలదని ప్రయోగశాలల్లో తేలింది. ఇందుకు వ్యతిరేకపు చివరన, ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 జన్యువుల్లో లోపాలతో లైసెన్స్ ఇవ్వడమే మందగించిన పిల్లలు ఉన్నారు. వారికి వచ్చే మెయర్-గోర్లిన్ సిండ్రోమ్‌లో శరీరం చిన్నదిగా, చెవులు చిన్నవిగా ఉంటాయి, మోకాటి చిప్పలు ఏర్పడవు లేదా చిన్నగా ఉంటాయి. ఈ నియమాన్ని కావాలనే పక్కన పెట్టే కణాలు కూడా ఉన్నాయి. పండు ఈగ లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు విభజన లేకుండానే విడతల మీద విడతలుగా నకలై, వెయ్యికి పైగా ప్రతులతో, మామూలు మైక్రోస్కోపుకే చారలతో కనిపించేంత లావవుతాయి. కానీ అక్కడ కూడా విడతకూ విడతకూ మధ్య సీడీకే తగ్గి పెరుగుతుంది. నియమం మారలేదు, విభజన మాత్రమే లేకుండా పోయింది.

ప్రస్తుతం నా పళ్ళేల్లో లేచిన ఎర్ర కాలనీల నుంచి డీఎన్‌ఏ తీసి, రంగు జన్యువు అదనంగా చేరినది ఎలా చేరిందో విడదీస్తున్నాను. ఆరిజిన్ చుట్టూ ఉన్న ముక్క ఒక్కటే పక్కపక్కన రెండుసార్లు ఉంటే, అది రెండో నకలు గుర్తు అని చెప్పవచ్చు. క్రోమోజోము మొత్తం అదనంగా చేరి ఉంటే, విభజనలో పంపకం తప్పడం వల్ల వచ్చిన ఎరుపు కావచ్చు కాబట్టి దాన్ని మొదట్లో లెక్కలోంచి తీసేయాలనుకున్నాం. కానీ సెంట్రోమియర్, అంటే విభజనలో క్రోమోజోమును పట్టుకుని లాగే చోటు, దగ్గరి ఆరిజిన్ రెండోసారి తెరుచుకుంటే క్రోమోజోము పంపకమే తప్పుతుందని కూడా లీ బృందం 2015లో చూపించింది. అందుచేత సెంట్రోమియర్‌కు దూరంగా ఉన్న ఆరిజిన్లతో, దగ్గరగా ఉన్నవాటితో విడివిడిగా ఈస్ట్ రకాలు కట్టి, రెండు గుంపుల్లోనూ ఈ రెండు రకాల ఎరుపు ఏ నిష్పత్తిలో వస్తోందో చూస్తున్నాం. దూరపువాటి పళ్ళేలు ముందు సిద్ధమయ్యాయి. దగ్గరివాటిలో ఒక రకం ఇంకా పెరగవలసి ఉంది.